జొరం సూసినట్టు

మా ట్రాఫిక్ కాలనీలో నెట్టు లైన్లు బాగుసేసే బెంగాలీ దాదా ఒకాయన ఉండేవోడు. మా మద్దిన తిరిగి తెలుగు నేర్సుకున్నాడు. ఎవలింటికొచ్చినా ముందు నెట్టు పెట్టె మీద, పసిపిల్లకి జొరం సూసినట్టు, సెయ్యి ఆనించేవోడు. పని అయినాక "ఠీక్ హై, దీదీ" అని లేసేవోడు.

కంప్యూటర్లో కొత్త సిస్టమ్ ఏయించినాక మాకు నెట్టు నత్తలాగ అయిపోనాది. మా అమ్మాయికి రైల్వే పరీచ్చ దగ్గర పడ్డాది, ఆన్‌లైన్ క్లాసులు మద్దిలో ఆగిపోతన్నాయి. దాదాని పిలిసినాను.

"లైన్ బాగుంది దీదీ. మీ గార్డుబాబు పాటలన్నీ ఈ కొత్త సిస్టమ్ నెట్టులోకి పంపి దాస్తంది, అందుకే స్లో. సగం ఎల్లినాయి. రెండ్రోజులు ఓర్సుకోండి" అన్నాడు.

మా ఆయన రైలు గార్డు, కాలం సేసినాడు. ఆయన చర్చిలో పాడిన పాటలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"ఆపీ దాదా. సచ్చినోడి పాటలెక్కడికి పోతాయి? బతికున్న పిల్ల సదువు సూడాల" అన్నాను.

"పోనీ ఏరేచోట కాపీ సేసుకోండి."

"తర్వాత సూద్దాం" అన్నాను.

ఆపినాడు. పిల్ల పరీచ్చ రాసినాది. తర్వాత వారమే పిడుగు పడి కంప్యూటర్ మాడిపోనాది. నెట్టులోకి ఎల్లిన సగంలో మా ఆయన ఆఖరి క్రిస్మస్‌కి పాడిన పాట లేదు.

దాదా వొచ్చి, మాడిన కంప్యూటర్ మీద అలాగే సెయ్యి ఆనించి కూకున్నాడు. ఆ రోజు ఠీక్ హై అనలేదు. "నాను ముందే సెప్పినాను గదా దీదీ" అని కూడా అనలేదు.