ఆకాశంలో మామ మనిషి

మా మామకు ఆకాశంలో ఒక మనిషి ఉండేవాడు. నిజానికది మబ్బుల ఫొటోలు తీసే ఉపగ్రహం. భూమి తిరిగే వేగంతోనే తానూ తిరుగుతూ, మన నెత్తిమీద ఒకేచోట నిలబడినట్టుండి, అరగంటకో ఫొటో కిందికి పంపేది. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకు ఇదంతా ఫోను నేర్పింది. నేను మామకు నేర్పాను.

మామ హోసూరు ఫ్యాక్టరీలో రిటైరై, తన ఊరు బేరిగైలో రాగి పండిస్తున్నాడు. ఆ ఫొటోల పేజీ ఫోనులో పెట్టిచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే కాఫీ కన్నా ముందు దాన్ని పలకరించేవాడు.

"ఆయప్పకు లీవు లేదు, బోనసు లేదు, టీ బ్రేకు గూడా లేదు. అయినా ఒక్కపూటన్నా ఎగ్గొట్టినాడా?"

"మీ యూనియన్లో చేర్చుకో మామా," అనేవాణ్ణి.

మా వైపు రాగిని తారురోడ్డు మీదే నూరుస్తారు. కోసిన వెన్నులు రోడ్డుమీద పరిస్తే, పోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. ఎద్దులక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. వాన మాత్రం రాకూడదు. వస్తే గింజ నల్లబడుతుంది, ఏడాది పొడుగునా ఇంట్లో సంగటికి కరువే.

మొన్నటి పంటకు నేను వెళ్లేసరికి మామ వెన్నులన్నీ పరిచేశాడు. అత్త మొహం మాడ్చుకుని నిలబడి ఉంది.

"ఈ ఉక్క చూడప్పా. చీమలు గుడ్లెత్తుకోని గోడెక్కతా ఉండాయి. చెప్తే ఈయప్ప వింటాడా?"

"చీమలు నేలమీద పాకేటివి, వాటికేం తెలుసు?" అన్నాడు మామ. "మావోడు పైనించి చూస్తా ఉండాడు. నాలుగు దినాలుగా ఒక్క మబ్బు లేదు."

"నాలుగు దినాలూ ఒకే బొమ్మా మామా?"

"మబ్బుంటే కదప్పా బొమ్మ మారేదానికి!"

నవ్వుతూనే ఫోను తీసుకున్నాను. బొమ్మ మూలన పాత తేదీ. పైన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం: ఈ ఉపగ్రహం సేవ ముగిసింది, ఇకపై కొత్తదాని ఫొటోలు ఫలానా పేజీలో చూడండి. చివరి ఫొటో గోడకు తగిలించిన పటంలా అలాగే ఉండిపోయింది.

"మామా, నీ మనిషి డ్యూటీ దిగేసినాడు!"

మామ నోరు తెరిచేలోపే ముక్కుమీద చినుకు పడింది. ముగ్గురం చీపుర్లు పట్టుకుని రోడ్డున పడ్డాం. అంతలో టౌను బస్సొచ్చి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏం పెద్దాయనా, తొక్కేదా, ఆపేదా?" అన్నాడు.

"ఆపప్పా! దిగండప్పా, దిగండమ్మా, రాగి తడస్తా ఉండాది!"

బస్సులో సగం మంది దిగారు. చెప్పులు విడిచి, చేతులతో ఊడ్చినవాళ్లు ఊడ్చారు, టార్పాలిన్ పట్ట కప్పినవాళ్లు కప్పారు. వాన జోరందుకునేసరికి ఒక చివర పరిచినవి తప్ప మిగతా అంతా ఇంటి పంచలోకి చేరింది. తడిసినవి మొలకెత్తితే జావపిండికి పనికొస్తాయంది అత్త. ఆ తర్వాత తీరిగ్గా మామ వైపు తిరిగి, "చీమలకు రిటైర్మెంటు లేదప్పా," అంది.

మామ రాగి మూటకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

"ఇప్పుడు యాడుండాడు ఆయప్ప?"

ఫోనులో వెతికి చదివి చెప్పాను. కడుపులో మిగిలిన చివరి ఇంధనంతో తన చోటు వదిలి ఇంకా పైకి పోయిందట. అక్కడ అన్నీ ఆపేసుకుందట.

"పైకి యాలప్పా?"

"తన చోట్లోకి వచ్చేవాళ్లకు అడ్డం లేకుండా, మామా."

"పొయ్యేముందు చెప్పే పొయినాడు. మనమే చదవలా," అన్నాడు మామ. "కొత్తోడి పేజీ పెట్టియ్యి. పాతోడిది తీసేయొద్దు."

ఇప్పుడు రాగి పరిచే ముందు మామ కొత్త ఫొటో చూస్తాడు, తేదీ నాచేత చదివిస్తాడు, అత్త చూడకుండా గోడ దగ్గరికి పోయి చీమల్నీ చూసొస్తాడు. వాన పట్టుకుని పని ఆగిన రోజున మాత్రం పాత పేజీ తెరుచుకుని కూర్చుంటాడు. అందులో మా బేరిగై మీద ఇంకా ఒక్క మబ్బు లేదు.