చిన్నమ్మ ఎవరినీ పడుకోనివ్వని చోటు

మా డెల్ఫీన్ చిన్నమ్మ అంటే ఊళ్లు తిరిగేవాళ్లకు హడల్. మా తెగవాళ్లుండే చిన్లే ఊరి నుంచి వచ్చే రోడ్డు కొండ అంచుకు చేరే మలుపులో, లోయంతా కళ్ల ముందు పరుచుకునే చోట ఆమె బల్ల ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అక్కడే జునిపర్ చెట్టు గింజల దండలు, నీలిరాయి చెవిపోగులు అమ్ముతోంది. కూర్చోవడం మాత్రం లోయకు వీపు పెట్టి కూర్చుంటుంది.

“ఇంత అందం వెనకాల పెట్టుకుని రోడ్డుకేసి చూస్తారేంటమ్మా?” అని రోజుకొకరైనా అడుగుతారు.

“లోయ నా దండలు కొనదు బాబూ. రోడ్డు మీద వచ్చేవాళ్లు కొంటారు” అంటుంది. వాళ్లు నవ్వి ఓ దండ కొంటారు. ఆ జవాబు సగమే నిజం.

పగలంతా అలా నవ్వించే మనిషి పొద్దు వాలితే మారిపోతుంది. బల్ల సర్దేసి తన పికప్పు బండిలో కూర్చుని, రాత్రికి అక్కడే పడుకుందామని ఆగే వ్యాన్లను కనిపెడుతూ ఉంటుంది. మలుపులో ఎక్కడ ఆగినా ఊరుకుంటుంది. ఉత్తరపు కొసన మోకాలెత్తు రాతిగోడ ఉంది, దాని పక్కన ఆగితే మాత్రం ఊరుకోదు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, అక్కడ పడుకోవద్దని కేకలేస్తుంది. వాళ్లు మా తెగ ఆఫీసు ఇచ్చిన అనుమతి చీటీ చూపిస్తే గాలి అంటుంది. గాలికి మేం భయపడం అని వాళ్లంటే రాళ్లు పడతాయంటుంది. ఒకసారి, చలికి పాములు బయటికే రాని జనవరి నెలలో, పాములున్నాయంది. పక్కనున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ మలుపు గురించి ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు: ‘చూడదగ్గ చోటే, కానీ ఒక గయ్యాళి ముసలావిడ ఉంటుంది, జాగ్రత్త.’ చదివి వినిపించాను.

“ముసలావిడనా?” అంది చిన్నమ్మ. గయ్యాళి అన్నందుకు ఏమీ అనుకోలేదు.

అసలు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం చెప్పం. పోయిన మనిషి పేరు మేం పలకం, పలికితే పిలిచినట్టే. మనిషి పోయిన చోటికి వెళ్లం. నేను బడిలో సైన్సు చెప్పి బతికేదాన్ని, అయినా ఇక్కడ ఆయన పేరు రాయను. చిన్నమ్మ భర్త అనుకోండి, చాలు.

ఆయన బడి బస్సు నడిపేవాడు. మాలో అల్లుడు అత్తగారి ముఖం చూడకూడదు, ఆవిడా అల్లుణ్ణి చూడకూడదు. చూస్తే కళ్లు పోతాయని పెద్దవాళ్లు చెబుతారు కానీ, అసలు సంగతి మర్యాద. మా అమ్మమ్మ శాలువా అంచుకు చిన్న వెండి గంట కుట్టుకుని తిరిగేది. ఆ చప్పుడు వినపడగానే ఆయన గొర్రెల దొడ్డి వెనక్కి తప్పుకునేవాడు. ఆవిడకు కట్టెలు కొట్టి పెట్టేవాడు, ఆవిడ వండిన మాంసం పులుసు తినేవాడు. ఇరవై రెండేళ్లు ఒకే ఆవరణలో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకరి బాగు ఒకరు చూసుకున్నారు. అంత గౌరవం నేను ఇంకే ఇంట్లోనూ చూడలేదు.

పద్నాలుగేళ్ల కిందట, నవంబరులో ఒక సాయంత్రం గాలికి అమ్మమ్మ ఇంటి పొయ్యి గొట్టం పడిపోయింది. ఆవిడ చిన్నమ్మ ఇంటికి వచ్చేసింది. చిన్నమ్మది హోగన్, మా తెగవాళ్లు కట్టుకునే ఇల్లు, తూర్పు వాకిలి ఉన్న ఒకటే గది. ఆయన పని నుంచి వచ్చి, లోపల గంట చప్పుడు విని, వాకిట్లోనే ఆగి చిన్నమ్మను పిలిచాడు.

“మీ అమ్మ లోపలుందా?”

“పొయ్యి గొట్టం పడిపోయిందంట. ఈ ఒక్క రాత్రికే.”

“పడుకోనీలే పాపం. నేను పైన మలుపులో పికప్పులో పడుకుంటా. మంచు పడితే మన దారి ఎలాగూ మూసుకుపోతుంది, ఐదింటికి నేను బస్సు తీయాలి. ఓ దుప్పటి ఇయ్యి.”

చిన్నమ్మ ఇచ్చింది. ఆయన రాతిగోడ చాటున బండి ఆపుకున్నాడు. చలికి ఇంజను ఆపలేదు. గాలి మంచునంతా తెచ్చి ఆ గోడ పక్కనే కుప్పపోసింది, బండి పొగగొట్టం అందులో కూరుకుపోయింది. పొగ బండిలోకే తిరిగింది. తెల్లారి పిల్లలు రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డారు, బస్సు రాలేదు.

అమ్మమ్మ ఆ గంట కత్తిరించి ఎక్కడ పారేసిందో ఎవరికీ తెలియదు. చిన్నమ్మ మాత్రం నాతో ఒకే ఒక్కసారి అంది: “ఆ దుప్పటి ఆయన చేతికిచ్చే బదులు గదికి అడ్డంగా కట్టుంటే సరిపోయేది కదే.” నిజమే. మాలో అలా కట్టుకుని సర్దుకునేవాళ్లు ఎంతమంది లేరు! ఆ సాయంత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పోయిన నవంబరులో ఒక శనివారం నేను సాయానికి వెళ్లాను. మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్ముకుంది. మేం బల్ల సర్దుతుండగా తెల్లటి వ్యాను ఒకటి నేరుగా వెళ్లి రాతిగోడ పక్కన ఆగింది. వెస్లీ, టెస్సా అనే కుర్ర మొగుడూ పెళ్లాలు, ఒహాయో నుంచి వచ్చారు. టెస్సా చంకలో నాలుగు నెలల పాప.

చిన్నమ్మ ఇరవై అడుగుల దగ్గర ఆగి మొదలుపెట్టింది. “అక్కడొద్దు బాబూ!”

“చీటీ ఉందండీ!” వెస్లీ ఊపి చూపించాడు.

“మంచు బాగా పడుతుంది!”

“పర్లేదండీ, హీటరుంది. రాత్రంతా ఇంజను ఆపం.”

చిన్నమ్మ గొంతు మార్చి, “మా ఇల్లు ఇక్కడే, కింద. పొయ్యి వెచ్చగా ఉంటుంది. రండి” అంది.

వెస్లీ ఆమెను, పాత పికప్పును, నన్ను ఎగాదిగా చూశాడు. “ఎంత తీసుకుంటారు?”

నాకు ఒళ్లు మండింది. చిన్నమ్మను చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కొచ్చాను. “చెప్పాల్సింది చెప్పావు. వినకపోతే వాళ్ల ఖర్మ. ఎక్కు.”

ఎక్కింది. తలుపు వేయలేదు. అద్దం మీద మొదటి మంచు పడుతోంది.

“లోపల పాపుందే” అంది.

“ఉంటే? ఇంకేం అబద్ధం మిగిలింది నీ దగ్గర? మళ్లీ పాములంటావా?”

“అబద్ధాలు అయిపోయాయి” అని దిగింది.

ఇరవై అడుగుల గీత ఆమె కాళ్లకు తెలుసు. అక్కడిదాకా వెళ్లి ఆగింది. ఆగుతుందనే అనుకున్నాను. దాటింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి. నేను వెనకాలే పరిగెత్తాను కానీ నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చదివిన సైన్సు ఆ పూట నాకు అక్కరకు రాలేదు.

చిన్నమ్మ వ్యాను అద్దం మీద వేళ్లతో కొట్టింది. అద్దం దిగింది.

“బాబూ, నేను చెప్పేది ఒక్కసారే చెబుతా. మా ఆయన ఇక్కడే పడుకున్నాడు, ఇలాంటి రోజే. ఇంజను ఆపలేదు. మంచు గోడ పక్కన పేరుకుని పొగగొట్టం మూసుకుపోయింది. ఆయన లేవలేదు. ఆ రాత్రి ఎవరూ వచ్చి ఇలా అద్దం కొట్టలేదు. నేను కింద వెచ్చగా పడుకున్నాను.”

టెస్సా పాపను గుండెలకు అదుముకుంది. “ఆయన పేరేంటమ్మా?” అంది మెల్లగా. తెలియక అడిగింది, మంచి మనసుతోనే అడిగింది.

వద్దని అరుద్దామనుకున్నాను. చిన్నమ్మ చెప్పేసింది. ఇంటిపేరుతో సహా, గట్టిగా, దూరంగా ఉన్నవాణ్ణి పిలిచినట్టు చెప్పింది. గాలి ఒకసారి విసిరి కొట్టింది. గాలికేం, ఎప్పుడైనా కొడుతుంది. అయినా నా చేతుల మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి.

వెస్లీ వ్యాను తిప్పి మా వెనకాలే కిందికి వచ్చాడు.

ఇంట్లో అమ్మమ్మ పొయ్యి పక్కన మంచం మీద ఉంది. ఆవిడకిప్పుడు తొంభై ఒకటి. చూపు లేదు, ఏ ఏడాదిలో ఉందో ఆవిడకే తెలియదు. టెస్సా పాపతో ముందు వచ్చింది. వెనకాల వెస్లీ గడప బయట నిలబడి బూట్ల మంచు దులుపుకుంటున్నాడు. దబదబమని మగవాడి అడుగుల చప్పుడు. అమ్మమ్మ తల ఎత్తింది.

“అల్లుడొచ్చాడా?” అంది మా భాషలో.

చిన్నమ్మ చేతిలో పులుసు గరిటె అలాగే ఉండిపోయింది.

“వచ్చాడు కదూ? అతని నడకే” అంది అమ్మమ్మ. “బయట నిలబెట్టకే తల్లీ, మంచు పడుతోంది. నేను గోడవైపు తిరిగి పడుకుంటాలే. ఈసారి లోపలికి రమ్మను.”

మంచం అంచు పట్టుకుని, నెమ్మదిగా, ఎంతో శ్రమపడి, గోడవైపు తిరిగింది. కనపడని కళ్లే అయినా శాలువాతో కప్పుకుంది.

చిన్నమ్మ గరిటె కింద పెట్టింది. పెట్టెలోంచి దుప్పటి తీసి గదికి అడ్డంగా ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకు కట్టింది. ఎదురెదురుగా ఉన్న ఆ మేకులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ముడి బిగించాక దుప్పటి మీద కాసేపు చెయ్యి ఆనించి నిలబడింది.

“వచ్చాడమ్మా” అంది. “దుప్పటి కట్టాను. నువ్వు పడుకో.”

వెస్లీ ఇంకా గడప బయటే ఉన్నాడు. మా భాష అతనికి తెలియదు. “ఏమంటున్నారు?” అని నన్ను అడిగాడు.

“మిమ్మల్ని లోపలికి రమ్మంటోంది” అన్నాను. “వచ్చి తలుపు వేయండి, చలి వస్తోంది.”