విడాకుల నకలు కోసం గుడియాత్తానికి

నలభై దాటాక రెండోసారి పెళ్ళి చేసుకుందామనుకున్నప్పుడు, నాకు అన్నిటికంటే కష్టమైంది మొదటి పెళ్ళి ముగిసిపోయిందని రుజువు చూపించడం.

నేను చేసుకోబోయే ఆయనది కనియంబాడి. వేలూరులో నేను పనిచేసే బట్టల కొట్టులోనే లెక్కలు చూస్తాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరినీ కాగితాలు అడిగారు. ఆయన తన భార్య మరణ ధ్రువపత్రం ఫోన్‌లోనే తీసి, పక్కనున్న జిరాక్స్ కొట్టులో ప్రింటు వేయించుకుని వచ్చాడు. నా విడాకుల తీర్పు అలా దొరికేది కాదు. నా దగ్గరున్న కాపీ ఒక వానాకాలం ఇల్లు కురిసినప్పుడు తడిసి ముద్దయింది. బడి సర్టిఫికెట్లు ఎండబెట్టి బతికించుకున్నాను గానీ, తీర్పు కాగితం మడత విప్పబోతే చేతిలోనే విడిపోయింది. అప్పుడు పెద్దగా బాధపడలేదు కూడా.

సత్తువాచారిలోని కోర్టుకు వెళ్ళి, నకళ్ళు ఇచ్చే సెక్షన్ ముందు నిలబడ్డాను. కిటికీ వెనకున్నామె తమిళంలో ఓపిగ్గానే అడిగింది. కేసు నంబరెంత? తెలియదు. ఏ సంవత్సరం? ఉజ్జాయింపుగా చెప్పాను. వకీలెవరు? ఆయన చనిపోయాడు.

"నంబరు లేకుండా పాత కట్టలన్నీ వెతకాలంటే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనమ్మా. అవతలి పార్టీ దగ్గర కాపీ ఉంటుంది కదా, అడిగి చూడరాదా?" అంది.

అతని ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకుని తిరుపత్తూరులో ఉన్నాడని ఎవరో చెప్పగా విన్నాను. నాకు తెలిసిందల్లా గుడియాత్తంలో వాళ్ళమ్మ ఉండే ఇల్లు.

మా విడాకులకు పెద్ద కథేమీ లేదు. అతను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడేవాడు కాదు, అంతే. వారాల తరబడి ఒక్క మాట ఉండేది కాదు. అన్నం పెడితే తినేవాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. ఆ ఇంట్లో నాతో మాట్లాడిన మనిషి మా అత్త ఒక్కతే. లుంగీలు నేసే మగ్గాలకు ఆమె ఇంట్లోనే నూలు కండెలు చుట్టేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రాట్నం తిప్పుతూ ఊరందరి సంగతులూ చెప్పేది. చివరికి అతనూ నేనూ ఒప్పుకునే విడిపోయాం. నేను పెట్టె తీసుకుని ఇల్లు దాటిన రోజు ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. కోపమనుకున్నాను. ఆ తర్వాత పలకరించే ధైర్యం చేయలేదు.

కనియంబాడి ఆయన గుడియాత్తానికి తోడు వస్తానన్నాడు. వద్దని ఒక్కదాన్నే బస్సెక్కాను. పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు, దిగి వెనక్కి పోదామా అనిపించింది. కిటికీ దగ్గరికి జామకాయలమ్మే ఆమె వస్తే, ఉత్త చేతులతో ఎలా వెళ్ళడమని కాసిని కొన్నాను. అవి ఒళ్ళో పెట్టుకున్నాక ఇక దిగలేదు.

గుమ్మంలో నా నీడ పడగానే రాట్నం ఆగింది.

"ఎవురది?"

"నేనే అత్తా," అన్నాను. ఆ పిలుపు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "యాడుంటివే తల్లీ ఇన్నాళ్ళూ? నిలబడుకోనే ఉండావే, కూచో. చిక్కిపోయినావు."

నీళ్ళు తాగాక, వచ్చిన పని చెప్పాను. పెళ్ళి సంగతి చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయాను. ఆమె చేతిలోని నూలుపోగును వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"నువ్వు చేసుకునే ఆయప్ప తాగుతాడా?"

"తాగడత్తా."

"నీతో మాట్లాడతాడా?"

"మాట్లాడతాడు. నేను చెప్పేది వింటాడు కూడా."

"సరి, అట్లయితే చేసుకో," అంది. వెంటనే ఫోన్ తీసి కొడుక్కి కలిపింది, నాకూ వినపడేలా.

"ఒరే నాయనా, ఆ కోర్టు పేపరు యాడ పెట్టినావు?"

"దేనికిమ్మా?"

"నా కోడలొచ్చిండాది. దానికి కావాలంట."

అటువైపు నిశ్శబ్దం. నాకు బాగా అలవాటైన నిశ్శబ్దమే. తర్వాత అతని గొంతు వినిపించింది: "బీరువా మింద సూట్‌కేసులో ఉండాది. నంబరు మొదటి పేజీలో పైనే ఉంటాది. కావాలంటే పేపరే తీసుకోమను." ఫోన్ పెట్టేసే ముందు, "బాగుండమని చెప్పుమా," అన్నాడు.

అతను అన్ని మాటలు ఒక్కసారిగా అనడం నేనెప్పుడూ వినలేదు. మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ కాగితం అతనికీ ఎప్పుడైనా అవసరం పడుతుందని, నంబరు మాత్రం రాసుకున్నాను.

బయల్దేరేటప్పుడు ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు ఎందుకు బయటికి రాలేదని.

"బయటికొచ్చుంటే నిన్ను పోనిచ్చుందునా?" అంది. "చెయ్యి పట్టుకోనుందును. నువ్వు ఈడనే ఉండిపోయి ఏడస్తా ఉందువు. అందుకే రాలే."

నంబరు ఇచ్చాక కోర్టులో పని తేలికైంది. దరఖాస్తు మీద స్టాంపు అంటించి ఇచ్చాను. నకలు తీసుకోవడానికి రమ్మన్న రోజు అత్త కూడా వేలూరు వచ్చింది. ఎంత వద్దన్నా వినలేదు. నకలు చేతికొచ్చాక కోర్టు ముందున్న హోటల్లో ఇద్దరం దోసెలు తిన్నాం. అత్త చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఆ కాగితాలు అందుకుని తిప్పి చూసింది. అంతా ఇంగ్లీషు.

"ఏం రాసుండారు దీంట్లో?"

"మీ కొడుక్కీ నాకూ జరిగిన పెళ్ళి రద్దయిందని."

"నా సంగతేమన్నా రాసుండారా?"

"లేదత్తా."

"అట్లయితే మనకేం కాలే," అని కాగితాలు నా సంచిలో పెట్టి, కాఫీ చెప్పమంది.

పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలన్నారు. మా అన్న, కొట్టులో నాతో పనిచేసే ఒకామె సరేనన్నారు. మూడో మనిషిగా తనే వస్తానంది అత్త. ఆయన్ను అడిగితే, "అంతకంటే ఏం కావాలి?" అన్నాడు. పెళ్ళి రోజు పొద్దున్నే అత్త గుడియాత్తం నుంచి ఇన్ని మల్లెపూలు మాలకట్టి తెచ్చింది. తెలుగు మాట్లాడడమే గానీ రాయడం రాదు. తమిళంలో నిదానంగా సంతకం చేసింది. ఆఫీసులో గుమాస్తా ఆమెను వరుడి తల్లి అనుకుని, ఫొటోలో ఆయన పక్కన నిలబడమన్నాడు. మేమెవరమూ కాదనలేదు. ఆమె కూడా చీర సర్దుకుని వెళ్ళి నిలబడింది.