బోణీ బేరం వెనక్కి పోయిన రోజు

ఆరేళ్లుగా నా చూపంతా మా ఆయన కాళ్ల మీదే. ఆయనది వంశంలో వచ్చిన జబ్బు, పేరు అటాక్సియా. చిన్నమెదడు మెల్లమెల్లగా పట్టు వదిలేస్తుంది. నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. మా అత్తగారికీ ఇదే ఉండేది. అందుకని గడప తీస్తే లక్ష్మి పోతుందని ఆడబిడ్డ మొత్తుకుంటున్నా వినకుండా ఇంట్లో గడపలన్నీ తీయించాను. బాత్రూంలో కడ్డీలు పెట్టించాను. వరంగల్ బజారులోని మా బట్టల దుకాణంలో ఆయన్ని గద్దె దిగనివ్వలేదు. పడకుండా కాచుకుంటే చాలనుకున్నాను. నా అంత తెలివైనది లేదని కూడా అనుకున్నాను.

లాభం రాకపోయినా సరే, మొదటి గిరాకీని ఏ దుకాణదారూ ఉత్త చేతులతో పంపడు. మా ఆయనైతే చేతిరుమాలైనా అంటగట్టిగానీ వదిలేవాడు కాదు. ఆ రోజు పొద్దున్నే వర్ధన్నపేట నుంచి తల్లీకూతుళ్లు పెళ్లి చీరలకు వచ్చారు. నేను లోపల కొత్త సరుకు విప్పుతున్నాను.

"జర ఆ ఎర్రంచుది చూపియ్యి సేటూ," అంది తల్లి.

"లేదు. వేరే దుకాణం చూసుకోండ్రి," అన్నాడు ఆయన. చీర ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది.

వాళ్లు మెట్లు దిగిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్క దుకాణాలవాళ్లు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా అరిచాను.

"బోణీ బేరాన్ని వాపస్ పంపుతరా ఎవలన్న? కూసున్న కాడికెల్లి చెయ్యి చాపుడు గూడ బరువైందా? కాళ్లు ఖరాబైతె బుద్ధి గూడ ఖరాబైందా?"

మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆ రోజు తల దించుకున్నాడు. కోపం పోయి భయం పట్టుకుంది నాకు. తలెత్తకుండానే ముద్దముద్దగా అన్నాడు.

"పొద్దున లేస్తనే అలిసిపోతాన. తినబుద్ధైతలేదు. బతకబుద్ధి గూడ అయితలేదు. ఎవలకు చెప్పకు."

ఇక ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. బాత్రూంకి వెళ్తే తలుపు బయట నిలబడ్డాను. గడియ పెట్టుకోవద్దన్నాను, పెట్టుకున్నాడు. లోపల నీళ్ల చప్పుడు ఆగితే తలుపు తట్టాను.

"పడితె పట్టుకునేటందుకు నిలబడ్డవా, కావలి ఉన్నవా?" అని లోపలినుంచి అడిగాడు.

మూడో రోజు హనుమకొండలో డాక్టరుకు చూపించే రోజు. ఎప్పటిలాగే డాక్టరు ఆయన్ని గీత మీద నడిపించాడు, వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. "నడక పోయినసారి లెక్కనే ఉంది. ఇంకేమన్నా ఉందా అమ్మా?" అని నన్నే అడిగాడు. ఆయన మాట తెమలడానికి టైం పడుతుందని ప్రతిసారీ నేనే జవాబు చెప్పేదాన్ని. బల్ల కింద ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చెప్పితే ఈ జన్మలో మళ్లీ నాతో మాట్లాడడేమో. చెప్పకపోతే మనిషే దక్కడేమో.

"నడక కాదు సార్," అన్నాను. "బతకబుద్ధైతలేదంటాండు."

నా చెయ్యి వదిలేశాడు. డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. ఈ జబ్బు కాళ్లతో ఆగదనీ, మనసునూ నిద్రనూ ఒంట్లో సత్తువనూ కూడా పట్టుకుంటుందనీ, అది బద్ధకం కాదనీ చెప్పాడు. దీనికి మందులున్నాయనీ, కూర్చోబెట్టి మాట్లాడించే డాక్టరు దగ్గరికి ఇవాళే పంపిస్తాననీ అన్నాడు. నేను ఇంకేదో అనబోతే చెయ్యెత్తి ఆపి, ఆయన వైపు తిరిగాడు.

"ఎన్ని రోజులాయె గిట్లుండబట్టి?"

"రెండేండ్లు."

"మరి ఇంట్ల ఎందుకు చెప్పలె?"

ఆయన నా వైపు చూడలేదు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈసారి నేను అందించలేదు.

"రోజూ పడ్డరా అని అడుగుతది సార్," అన్నాడు. "ఎట్లున్నరని ఒక్కనాడు అడగలె."