పూజ రంగు మీద బిగించిన చక్రం

1982 జూన్‌లో నన్ను జూనియర్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బరంపురంలో వేశారు. ఊరు నాకు కొత్త కాదు, మా అమ్మమ్మగారిల్లు అక్కడి బడా బజార్‌లోనే. ఉద్యోగమే కొత్త. లైసెన్సు పరీక్షలు, బళ్లకు ఫిట్‌నెస్ పత్రాలు రోజువారీ పని. అంతకంటే బరువైన పని ఇంకొకటి ఉండేది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే పోలీసులు మాకు కబురు పెడతారు. బండిని కదపకముందే మేం వెళ్లి బ్రేకులు, స్టీరింగు, టైర్లు, చక్రాలు చూసి, ప్రమాదానికి యంత్రలోపం కారణమో కాదో రాసివ్వాలి. కాదని రాస్తే తప్పు డ్రైవర్ నెత్తిన పడుతుంది. అందుకని ఆ ఒక్క వాక్యం రాయడానికి నేను చాలా సమయం తీసుకునేవాణ్ణి. ఆఫీసులో దీన్ని చాదస్తం అనేవారు. అననివ్వండి.

ఆ ఏడాది సెప్టెంబరులో, బళ్లకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజ అయి వారం తిరక్కుండానే గంజాం నుంచి కబురొచ్చింది. హుమ్మ ఉప్పు మడుల నుంచి బరంపురం గోదాములకు సరుకు తెస్తున్న ఒక ఉప్పు సహకార సొసైటీ ట్రాక్టరుకు, వెనక ట్రైలర్ ఎడమ చక్రం నడిరోడ్డు మీద ఊడిపోయింది. ఊడిన చక్రం ట్రాక్టరునే దాటుకుని దొర్లి, ఊరి మొదట్లో ఉన్న సింహాద్రి టీ కొట్టులోకి దూరింది. పొయ్యి మీది పాలగిన్నె బోర్లపడి సింహాద్రి కాలు కాలింది.

నేను వెళ్లేసరికి డ్రైవర్ కామయ్య పోలీసుల మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఇచ్ఛాపురం పక్క పల్లెవాడు. ఆ సొసైటీ బళ్లు తప్ప జీవితంలో ఇంకేమీ ఎరగడు. సొసైటీ మేనేజరు అప్పుడే ట్రాక్టరు తాళంచెవి తీసుకుని ఇంకొకడి చేతిలో పెట్టేశాడు. నిర్లక్ష్యంగా నడిపి మనిషిని గాయపరిచాడని కేసు నిలబడితే కామయ్య లైసెన్సు పోతుంది. దాంతోపాటే ఇంట్లో కూడూ పోతుంది.

మేనేజరు మాత్రం టైరు పేలిందని, డ్రైవర్ గుంతల్లో తోలేశాడని ధాటిగా చెబుతున్నాడు. టైరును కాలితో తన్ని చూశాను. గాలి నిండుగా ఉంది. పేలిన టైరుకు పక్కగోడ చిరిగి పేలికలవుతుంది. ఇది చెక్కు చెదరలేదు. అంటే చక్రమే టైరుతో సహా ఊడి వచ్చింది. చక్రాన్ని ఇరుసు చివరి హబ్బుకు పట్టి ఉంచే ఇనుప మేకులను స్టడ్లు అంటారు, వాటి మీద నట్లు బిగిస్తారు. ఆ స్టడ్లన్నీ తెగిపోయి ఉన్నాయి.

మా సీనియర్ ఇన్‌స్పెక్టర్ మహాపాత్ర బాబు మంచివాడే గానీ, వంట చల్లారకముందే ఇంటికి చేరాలనుకునే మనిషి. హుమ్మ బళ్లకు ఏటేటా ఇది మామూలేననీ, ఉప్పు గాలికి స్టడ్లు తుప్పు పట్టి తెగుతాయనీ, డ్రైవర్ చూసుకోలేదని రాసి ముగించమనీ చెప్పారు. తుప్పు తిన్న ఇనుము విరిగితే లోపల నల్లగా, పొరలుపొరలుగా ఉంటుంది. ఇక్కడ తెగిన ముఖాలు మెరుస్తున్నాయి, వాటి మీద ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులున్నాయి. అటూ ఇటూ ఊగి, అలిసిపోయి, కొంచెం కొంచెంగా తెగిన ఇనుముకే అలాంటి గీతలు పడతాయి. చక్రం రంధ్రాలు కూడా కోడిగుడ్డు ఆకారానికి సాగాయి. అంటే చక్రం ముందే వదులై, చాలా దూరం ఊగుతూ వచ్చింది.

అక్కడే నాకు చిక్కు వచ్చిపడింది. వదులైందంటే, నట్లు సరిగా బిగించలేదనే కదా! కామయ్యను అడిగాను.

"పూజకి ముందురోజు నానే బిగించీసినాను బాబూ. పానాకి పైపు తొడిగి, దాని మీదెక్కి మరీ బిగించినాను. నా పిల్లల మీద ఒట్టు."

ఒట్లను నమ్మే ఉద్యోగం కాదు నాది. చక్రాన్ని బోర్లా తిప్పించాను. హబ్బుకు ఆనుకునే వెనకవైపు ఎర్ర రంగు మీగడలా ముడతలు పడి ఉంది. చాకుతో గీకితే ఎరుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ ఎరుపు వచ్చాయి. వానల్లో మూలపడిన ట్రైలర్లను విశ్వకర్మ పూజకు బయటికి తీసి, ఏటికో రంగు, పాతది గోకకుండా పూస్తారు. ఎవరికీ కనపడని వెనకవైపు ఎందుకు పూశారని అడిగితే కామయ్య నన్ను వింతగా చూశాడు.

"కనపడంది మనకి బాబూ. సామికి అన్నీ అగుపిస్తాయి గదా! సగం రంగేసి పూజెట్టమంటే ఎలాగ?"

"సరే, మళ్లీ ఎప్పుడు బిగించావు?"

"పానాలు పీట మీదున్నాయి గదా బాబూ. కుంకుమెట్టినాక దసరా దాకా ముట్టం."

ఆ సొసైటీలో ఆచారం అది. పనిముట్లకు పూజ చేసి దసరా వరకు విశ్రాంతినిస్తారు. బళ్లకు మాత్రం విశ్రాంతి లేదు. ఇక నాకు అంతా తేటతెల్లమైంది. చక్రం, హబ్బు ఇనుముకు ఇనుము ఆనితేనే నట్టు పట్టు నిలుస్తుంది. మధ్యలో రంగు ఉంటే, బరువు పడ్డాక అది నలిగి పల్చబడుతుంది. నట్టు తిరక్కపోయినా బిగువు పోతుంది. భక్తి కొద్దీ పూసిన రంగు, భక్తి కొద్దీ ముట్టని పానా, రెండూ కలిసి చక్రం ఊడగొట్టాయి.

మహాపాత్ర బాబుకు ఇది చెబితే పకపకా నవ్వి, కోర్టుకు పోయి రంగు డబ్బా చూపిస్తావా అన్నారు. నాకు ఒళ్లు మండింది. చూపిస్తాను, అయితే ముందు మీకే చూపిస్తానన్నాను.

సొసైటీ ఆవరణలోనే ఏర్పాటు చేశాను. కేసు చూస్తున్న సబ్‌ఇన్‌స్పెక్టరు, మహాపాత్ర బాబు, మేనేజరు, జామీను మీద వచ్చిన కామయ్య అందరూ ఉన్నారు. ఇంకో ట్రైలర్ చక్రాలు రెండూ ముందే విప్పించి ఉంచాను. ఎడమ చక్రానికి వాళ్ల పద్ధతిలోనే వెనకాముందూ రంగు పూయించి ఆరబెట్టాను. కుడి చక్రాన్నీ, దాని హబ్బునూ ఇనుము మెరిసేదాకా గీకించాను. కామయ్య బిగిస్తే మేనేజరు ఒప్పుకోడు గనక, ఆయన ఎంచిన వస్తాదు చేతనే, మా ఆఫీసు నుంచి తెచ్చిన పానాకు పైపు తొడిగించి, రెండు చక్రాలూ ఒకేలా బిగింపజేశాను. తరువాత పైపు తీసేసి ఉత్త పానాతో అందరూ ప్రయత్నించారు. ఏ నట్టూ కదల్లేదు. ఉప్పు నింపి, ట్రైలర్‌ను సింహాద్రి కొట్టు దాకా పంపి వెనక్కి రప్పించాను.

బండి ఆగాక పానా మేనేజరు చేతికిచ్చాను. కుడి చక్రం మీద ఆయన పంచె ఎగ్గట్టి, పళ్లు బిగబట్టి వేలాడినా నట్టు మెదల్లేదు. ఎడమ చక్రం దగ్గరికి రమ్మన్నాను. ఇంకా పూర్తిగా బలం పెట్టకముందే నట్టు తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోది ఆయన ముట్టుకోనన్నాడు. ఉప్పు మోసే ఆడవాళ్లు తట్టలు దించి పగలబడి నవ్వారు. సబ్‌ఇన్‌స్పెక్టరు తానూ తిప్పి చూసి, "ఇది డ్రైవర్ కేసు కాదు" అని ఒడియాలో తేల్చేశాడు. నాకు పట్టలేని సంతోషం కలిగింది. దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

నా రిపోర్టు మీద మహాపాత్ర బాబు సంతకం చేశారు. పైగా ఆ తరువాత ఈ సంగతి గేట్ బజార్‌లో ఎవరు కలిసినా తానే కనిపెట్టినట్టు చెప్పుకునేవారు. కామయ్యకు కేసు తప్పింది, లైసెన్సు నిలిచింది, తాళంచెవి తిరిగొచ్చింది. సింహాద్రి వైద్యం, కొట్టు మరమ్మతు సొసైటీ నెత్తిన పడ్డాయి.

రంగు చక్రం వెనక పూయరాదనీ, కొత్తగా బిగించిన నట్లను తొలి లోడు మోశాక మళ్లీ బిగించాలనీ సొసైటీకి రాతపూర్వకంగా ఆదేశించాను. మరుసటి ఏడాది పూజ అయ్యాక, ఎవరైనా పాటిస్తున్నారో లేదో చూద్దామని సింహాద్రి కొట్టు దగ్గర కాపు వేశాను. కామయ్య బండి వచ్చి ఆగింది. సింహాద్రి కాలి మచ్చ కనపడేలా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద టీ మరుగుతోంది. గ్లాసు మాత్రం అందివ్వలేదు.

"నట్లు సూసేవేటి?"

"టీ తాగి సూస్తానురా."

"సూసినాకే టీ. ఎల్లు."

కామయ్య సీటు కింద నుంచి కుంకుమ బొట్టు పెట్టిన పానా తీసి, చక్రాలన్నీ చుట్టి వచ్చాడు. వెనక ఆగిన ట్రాక్టర్ల వాళ్లు కూడా అడక్కుండానే దిగారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లు హుమ్మ ట్రైలర్ చక్రం మళ్లీ ఊడలేదు.

ఆ ఉదంతం నాకు రెండు విషయాలు నేర్పింది. విరిగిన ముక్కను చూడకుండా కారణం చెప్పకూడదు. బిగించిన నట్టును బరువు మోశాక మళ్లీ బిగించాలి. ఈ రెండోది నేను ఆదేశంగా రాసి పంపాను, సింహాద్రి టీ ఆపి చేయించాడు.