పదిన్నర గంటల దొంగలు

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు గుమ్మం పక్కన తుపాకీ పట్టుకుని కూర్చున్నా ఆయన కంట ఒక్క దొంగ కూడా పడలేదని బ్యాంకువాళ్లు చెబుతారు. అది అబద్ధం. ఆయన దొంగలను రోజూ చూశాడు.

పదిన్నరకు, ఎండ మూడో మెట్టు మీదికి రాగానే, వాళ్లిద్దరూ వచ్చేవారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. మొదట్లో మహా చురుకైనవాళ్లు, నాలుగు మెట్లూ ఒక్క గంతులో దాటేవారు. ఈయన లేచి "ఆగండి!" అనేవాడు. ఆపైన కథ రోజుకొక రకం. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లూ ముసలివాళ్లయ్యారు. పొడుగువాడికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, పొట్టివాడికి ముందు పళ్లు ఊడిపోయాయి. ఒక వానరోజు ఆయన తన కుర్చీ వాళ్లకు ఇవ్వబోయి ఉలిక్కిపడ్డాడు. మెలకువగా ఉండడమే ఉద్యోగమైన మనిషికి పగటికలలేమిటని నవ్వకండి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక గాజు తలుపు పక్కన ఊరికే కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది.

అందరూ ఆయన్ని తుపాకీ తాత అనేవారు. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నవాళ్లకే ఆ కాపలా ఉద్యోగం. ఆయనది రెండు గొట్టాల తుపాకీ. భుజానికి తగిలించుకునే పట్టీకి ఇత్తడి బకిల్ వదులై, నడిచినప్పుడల్లా టిక్కుటిక్కుమనేది. ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. కూతురికి ఐదేళ్లప్పుడు, ఆయన దాన్ని తుడుస్తుంటే చెయ్యి చాపింది.

"వద్దు తల్లీ. ఇది నా పేరున ఉంది."

"మరి నా పేరున ఎప్పుడుంటుంది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. జవాబు చెప్పాల్సిన రోజు ఇరవై ఆరేళ్లకు వచ్చింది.

ఆయన కంటి నరం ఎండిపోతోందనీ, అద్దాలకూ ఆపరేషన్‌కూ లొంగదనీ డాక్టర్ తేల్చేశాడు. అప్పటికే లోకమంతా ఆవిరి పట్టిన కిటికీలోంచి చూసినట్టుగా ఉంది. ఆయన రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. కూతురు ఆసుపత్రి గేటు దగ్గర విజిల్ మెడలో వేసుకుని రోజంతా నిలబడే పని చేస్తోంది. తుపాకీ కాల్చడంలో శిక్షణ పొంది సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. "మీ అమ్మాయి లైసెన్సుతో, తుపాకీతో మూడు నెలల్లో వస్తే ఆ కుర్చీ ఆమెదే. లేకపోతే బయటివాళ్లను పెట్టుకోవాల్సిందే" అన్నాడు మేనేజర్.

ఇదెంత పని అనుకున్నాడాయన. నా తుపాకీ, నా కూతురు. లైసెన్సుల ఆఫీసులో గుమస్తా ఆ ముచ్చట మొదట్లోనే తుంచేశాడు.

"ఇదేమన్నా గొడుగా అండీ, వాన వస్తే అమ్మాయి చేతికివ్వడానికి? మీ లైసెన్సు మీది. అమ్మాయికి వేరే లైసెన్సు రావాలి. వచ్చేలోపు ఇంట్లో కూడా అమ్మాయి చేతిలో పెట్టకూడదు. పెడితే ఇద్దరిమీదా కేసే."

ఇద్దరూ దరఖాస్తు రాశారు. అభ్యంతరం లేదని భార్య సంతకం చేసింది. "ముప్పై ఏళ్లు ఈ సవతితో కాపురం చేశాను, ఇప్పుడు నా కూతురి మెడకు కడుతున్నారా?" అని ఒక్క మాట అని మరీ చేసింది.

ఇక మిగిలింది పోలీసు విచారణ. ఆ రోజు కూతురు ఒకటికి పదిసార్లు చెప్పింది. "వయసైపోయిందని చెప్పు నాన్నా, చాలు. కళ్ల సంగతి ఎత్తకు. చూపులేని మనిషి దగ్గర తుపాకీ ఉందని తెలిస్తే ముందు అది పట్టుకుపోతారు. ఇక నాకివ్వడానికి ఏముంటుంది?"

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అన్నీ సవ్యంగానే జరిగాయి. చివర్లో మాటవరసకు అడిగాడు. "ఇన్నేళ్లలో ఎప్పుడైనా దొంగలొచ్చారా?"

"రోజూ వస్తారు సార్" అన్నాడు తుపాకీ తాత, ఎక్కడో ఆలోచిస్తూ.

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. "ఎంతమంది?"

"ఇద్దరండీ. పాపం, పొడుగువాడికి మోకాళ్ల నొప్పులు."

కూతురు తల పట్టుకుంది. అప్పుడుగాని ఆయన ఈ లోకంలోకి రాలేదు. సిగ్గుపడుతూ సంగతంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. "ఇప్పటికీ వస్తున్నారా మరి?"

"వస్తున్నారనే అనుకుంటున్నాను సార్. ఆరు నెలలుగా మొహాలు కంటికి ఆనడం లేదు." ఎదురుగా నవ్వుతున్న మనిషిని మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. "వాళ్లవే కాదు. మీ మొహమూ ఆనడం లేదు."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

"నిజం చెప్పారు. కానీ ఇక ఒక్క పూట కూడా ఇది ఇంట్లో ఉండకూడదు. ఇప్పుడే తుపాకుల షాపులో అప్పగించి రసీదు తీసుకోండి. అమ్మాయి లైసెన్సు సంగతి పైవాళ్లు తేలుస్తారు, నేను మాటివ్వలేను."

తూటాలు తీసిన తుపాకీని గుడ్డసంచిలో పెట్టి ఆయనే మోశాడు, లైసెన్సు ఆయన పేరునే ఉంది గనక. కూతురికి ఆయన మోచెయ్యి పట్టుకునే హక్కే ఉంది. వెనక ఇన్‌స్పెక్టర్. ఎండలో వీధంతా తెల్లగా తేలిపోతుంటే, బకిల్ టిక్కుటిక్కుమంటుంటే, ఆయనకు అదొక కలలా అనిపించింది. ఈసారి దొంగ తనే అయినట్టు.

తరువాతి రోజులు యుగాల్లా గడిచాయి. తుపాకీ లేక బ్యాంకుకు సెలవు పెట్టాడు, చూస్తుండగానే రిటైర్మెంటు దగ్గరపడింది. పదిన్నరకు అరుగు మీద కూర్చుంటే ఎండ వచ్చేది, దొంగలు వచ్చేవారు కాదు. నా నోటితో నేనే పిల్ల ఉద్యోగం పోగొట్టానని కుమిలిపోయాడు. కూతురు పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా లైసెన్సు వచ్చింది.

షాపులో కూతురు మూడుచోట్ల సంతకాలు పెట్టింది. షాపాయన లోపలి గదిలోకి వెళ్లాడు. తిరిగి వస్తున్నప్పుడు టిక్కుటిక్కుమంది. చూడక్కర్లేకుండానే ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ చాపాడు. షాపాయన ఎటూ తోచక ఆగిపోయాడు.

"వద్దు నాన్నా" అంది కూతురు మెల్లగా. "ఇప్పుడిది నా పేరున ఉంది."

ఆ చేతులు కాసేపు అలాగే గాలిలో ఉండిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ల బరువు ఒక్కసారిగా దిగితే హాయిగా ఉంటుందనుకున్నాడు గానీ, లేదు. నొప్పిగా ఉంది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. కూతురు తుపాకీ భుజానికి తగిలించుకుని, ఆయన చేతిని తన రెండో మోచేతి మీద పెట్టుకుంది.

సగం దారిలో అంది. "నీ దొంగలకు చెప్పు నాన్నా, ఎల్లుండి పదిన్నరకు రమ్మని. పొడుగాయనకి కుర్చీ వేస్తాలే."

"వాళ్లు నాతోనే రిటైరయ్యారమ్మా. నీ వాళ్లను నువ్వే చూసుకోవాలి."

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఒకతి వస్తోంది నాన్నా" అంది. "ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డప్పటినుంచీ. ఎర్ర చెప్పులు వేసుకుంటుంది."

ఆయన ఆగిపోయాడు. "వయసెంత?"

"నా వయసే."

ఆయన ఆ మోచేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా ఎర్ర చెప్పుల దొంగ గురించి అడుగుతూనే ఉన్నాడు.