అమ్మ అందుకున్న పాదం

ఒక ఆదివారం సాయంత్రం కూర్మన్నపాలెంలో దళిత స్త్రీల కవిత్వ సభ పెట్టుకున్నాం. ఇంటికి దగ్గరే కదా అని అమ్మను మొదటిసారి తీసుకెళ్లాను. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో వాకిళ్లూడ్చి నన్ను చదివించిన మనిషి. నేను కవిత్వం రాస్తానని తెలుసు గానీ ఏం రాస్తానో ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు చదివింది కొత్త కవిత. అప్పటిదాకా ఎవరికీ చూపించలేదు. ముగింపు కుదరక అలాగే వదిలేశాను.

“దాహమని వస్తే ఎడంగా నిలబడమన్నావు” అని చదివి ఊపిరి తీసుకున్నాను.

“సెరుకు తోటలోకి లాగినప్పుడు ఆ ఎడమంతా ఎటుపోనాది?”

రెండో పాదం పలికింది నేను కాదు. ముందు వరసలోంచి అమ్మ. యాస మా ఊరిది, మాటలు నా కాగితం మీదివే. ముందే అనుకుని చేస్తున్నామని కొందరు చప్పట్లు కొట్టారు. చివరిదాకా ప్రతి పాదం నాకంటే ముందే అందుకుంది. నా కవిత ఆగిన చోట తను ఆగలేదు. ఇంకేదో అనబోయి, చేత్తో నోరు మూసుకుంది.

ఆటో ఎక్కాక అడిగింది. “నీకెవలు సెప్పినారే ఆ పాట?”

“పాటేటమ్మా? నాను రాసిందే.”

“కాదే. మా పెద్దమ్మది. ఊడుపుల్లో కట్టినాది. నువ్వు పుట్టకముందే పోనాది.”

ఆ పాట ఎవరి మీద కట్టిందో ఆ రైతూ అతని భార్యా పొలం గట్టున నిలబడి వింటుండగానే పాడిందట. మర్నాడు ఆ రైతు నూతికి నీళ్లకని వెళ్లి మరి రాలేదు. నుయ్యి తోడించినా మనిషి దొరకలేదు. మా వాళ్లు ఎక్కకూడని ఆ నూతి గట్టు మీద తడి పాదాల గుర్తులు మాత్రం కనిపించాయట. ఆ పాట ఇంకెవరూ అనకూడదని అమ్మమ్మ ఒట్టు వేయించుకుంది.

“నన్ను ఉయ్యాలూపుతూ పాడేవేమో.”

“ఇంతవరకు నోరిప్పి అన్లేదు.”

ఆఖరి పాదం చెప్పమన్నాను. ఆటో అతనికి వినబడకుండా నా చెవి దగ్గరకు వంగి అంది. “నీ నూతి గట్టెక్కినాను, దించు సూద్దాం.”

ఆ పాదం అమ్మ పెద్దమ్మదేనని రాసి, కవిత అచ్చు వేయించాను. తర్వాత మధురవాడలో ఒక కాలేజీకి పిలిస్తే అమ్మే పాడతానంది. అమ్మాయిలు వరస అందుకున్నారు. మధ్యలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఎనక ఎవలో పాడతన్నారు, సూడు.”

చూశాను. వెనక కుర్చీలన్నీ ఖాళీ. గొంతు మాత్రం నాకూ వినిపిస్తోంది, ముసలిది, కాస్త జీరగా. అమ్మ నా చెయ్యి వదల్లేదు. పాట ఆపలేదు.